అత్తవైపు వీపు

చిమానిమానీ కొండల కింద ఒక వంటిల్లు. షుగర్ ముదిరిన ముసలావిడ చాప మీద పడుకుంది. నెలలు నిండిన ఆమె కూతురూ, అల్లుడూ తాతలనాటి కిరసనాయిలు ఫ్రిజ్ ముందున్నారు. అల్లుడు అత్త మొహం చూడకూడదన్న అక్కడి ఆచారం ప్రకారం అత్తవైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఫ్రిజ్‌ని రెండ్రోజులు తలకిందులుగా నిలబెట్టాను కదా, గొట్టాల్లో అడ్డుపడిన గ్యాసు కదిలే ఉంటుంది. దాన్ని నడిపే కింది దీపం వెలిగించి గంటయింది. చెయ్యి పెట్టి చూడు.”

“ఇంకా వెచ్చగానే ఉంది. ఇన్సులిన్ తడిగుడ్డ చుట్టిన కుండలో ఉంది, బయట చూస్తే ఎండ మండిపోతోంది. అది పాడైతే అమ్మ బతకదు.”

“పాడవదులే. వెనక గొట్టం మీద పసుపు మరక ఉంటే చాకుతో గీకేశాను కూడా.”

“మరక ఎందుకొచ్చింది?”

“తుప్పయి ఉంటుంది. ఏడవకు.”

“నేనేం ఏడవట్లేదు. నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“నేనా? అయ్యో, ఈ ఘాటేంటి! గ్యాసు లీకవుతోంది! దీపం ఆర్పు, తలుపు తియ్యి, మీ అమ్మని బయటికి తీసుకుపో!”

“ఈ కడుపుతో ఎలా ఎత్తను? నువ్వే ఎత్తు!”

“అత్తగారిని ముట్టుకోవడమా? పెళ్ళయినప్పటినుంచి ఆవిడ మొహం కూడా సరిగ్గా చూళ్ళేదే!”

చాప మీదనుంచి దగ్గుతూ ముసలావిడ గొంతు వినిపించింది.

“కళ్ళు మూసుకుని ఎత్తు నాయనా. నేనూ మూసుకుంటాను.”