రాగి తక్కువ

హలో… ఆ, నేనేనమ్మా… ఉన్ని పరీక్ష చేసిన శ్రీరామ్మూర్తినే… ఎవరూ, పోతమ్మా? దువ్వాడ పోస్టాఫీసు నుంచా? చెప్పు… గొర్రెపిల్లలు లేచి తిరుగుతన్నాయా?

ఇంకోటి కూడానా… వెనక కాళ్లు పడిపోయే పుట్టిందా…

మరి కార్డు రాశాను కదమ్మా, అందలేదా?… అందింది. పోస్టుమాస్టరు చదివారు… 'గొర్రెలకి రాగి తక్కువ'. అవును, అదే రాశాను. ఏం చేశావు మరి?

…ఏటి పోశావ్? అంబలా?

నెల రోజులా… ఇంట్లో చోళ్లన్నీ కాచి గొర్రెలకి పోసేశావా. మరి నువ్వేం తిన్నావు?

ఊఁ…

లేదమ్మా, నవ్వడం లేదు. తప్పు నాదే, విడమరిచి రాయాల్సింది. పోస్టుమాస్టరుది చిత్తూరు వైపు, మీ చోళ్లని వాళ్లు రాగులంటారు. నేను రాసింది చెంబు రాగి. అది ఒంట్లో పిసరంత ఉండాలి… ఆ, మనకీ ఉండాలి.

ఎలా తెలిసిందంటే… నువ్వు కత్తిరించి పంపిన ఉన్నే చెప్పింది. కొస పాతది, చర్మం దగ్గరది కొత్తది కదా. కొస నల్లగా, నొక్కులు నొక్కులుగా ఉంది. మొదలు నెరిసిపోయి, ఉక్కు తీగలా సాగిపోయింది. పరీక్ష చేస్తే అక్కడే రాగి బాగా తక్కువ. అంటే వానలయ్యాక మేసిన మేతలోనే లోటు…

నీ చెయ్యి మంచిది కాదని ఎవరన్నారు?… తోటికోడలా. పరీక్షలో చేతి సంగతి ఎక్కడా రాలేదని చెప్పు ఆవిడకి.

వద్దు, వద్దు… చెంబు అరగదీసి పొయ్యొద్దు. రాగి ఉంటదని కొట్లో మైలుతుత్తం కొనొద్దు. గొర్రెకి రాగి కాస్త ఎక్కువైనా ప్రాణం పోద్ది. రేపు డాక్టరు అర్జునరావు గారు వస్తారు, కొలిచి తాగిస్తారు. చూడివి ఎన్ని?… ఆరా. టైముంది. వాటి పిల్లలు నిలబడాలి.

పడిపోయినవా… అవి కష్టమమ్మా.

…

నేనా? తిన్నాను… బన్ను. లేదు, ఒక్కణ్నే. మా ఆవిడ పోయి రెండేళ్లు…

నాకెందుకమ్మా, నీకే లేవు… గిద్దెడు పిండి మిగిలిందా. పంపినా కాచడం రాదు నాకు. అవన్నీ ఆవిడే…

ఉండు, ఉండు. పెన్సిలు తీసుకోనీ… నీ రిపోర్టు వెనకే రాసుకుంటన్నాను. పిండి రాత్రే నానెయ్యాలి… ఆ… ఎసరు మరిగాక పొయ్యాలి… ఉండ కట్టకుండా తిప్పుతూ… తిప్పుతూనే ఉండాలి… ఆ, తర్వాత?

హలో…

పోతమ్మా… ఉప్పెప్పుడు వెయ్యాలో చెప్పలేదు.

హలో…