బావ ఇచ్చిన జాగ

రక్తదాతల వెబ్‌సైటు నడిపే ఉదయ్ కుమార్ ముందుకు, ఆ పనిలో సాయపడే నర్సు నిస్సి ల్యాప్‌టాప్ జరిపింది. కొత్త హోస్టింగ్ పేజీ తెరిచి ఉంది. అటు చూడాలనిపించలేదతనికి.

“వీపీఎస్ తీస్కుందాం అన్నా, కిరాయి సర్వర్ల మనకంటూ వేరే భాగం. దాంట్ల మన వంతు మనకే ఉంటది, ఎవ్వరు గుంజుకోరు.”

“మా బావ తన సర్వర్ల ఫుకట్‌కు జాగ ఇచ్చిండు. ఇప్పుడు వద్దంటే అక్క మొకం ఎట్ల చూడాలె?”

“ఆయన బట్టల షాపు సైటు, మనది ఒక్క సర్వర్లనే ఉన్నయి. ఆయన సేల్ పెడితే జనం ఎగబడ్తరు, మనది పండుకుంటది.”

“ఒక్క పూట బంద్ ఐతే ఏమైతది? దినాం నలుగురు చూస్తరు, గంతే.”

“శుక్రవారం నేను చూసిన. మా దవాఖానల కుల్చారం ఊరామె, కాన్పు కేసు. ఓ నెగెటివ్ రక్తం కావాలె. గంటన్నర సైటు తెరుచుకోలే. నీకు ఆరుసార్లు ఫోన్ చేసిన.”

“సేల్ గడబిడల వినపడలే. బావకు సాయం పోయిన.” ఉదయ్ నిస్సి వైపు తిరిగాడు. “ఆమె ఎట్లున్నది?”

“హైదరాబాద్ తోలుకపోతుంటే తొవ్వలనే పాణం పోయింది. పాప దక్కింది.”

“మన లిస్టుల ఓ నెగెటివోళ్లు ఉన్నరా?”

“సైటు తెరుచుకున్నంక చూసిన. ఒక్కడే ఉన్నడు.”

“ఎవరు?”

“మీ బావ. గా పొద్దంత నీ పక్కనే ఉండె.”

ఉదయ్ ల్యాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు.

“ఏది నొక్కాలె?”