ఇరవైమూడో బేరింగు

దాన్ని కదిలించకు అమ్మలూ, కింద మందుల చీటీలున్నాయి, ఫ్యాను గాలికి ఇల్లంతా ఎగురుతాయి. ఏరుకోవడానికి నా నడుం వంగదు, నీకేమో పంతం వంగదు. అది బేరింగే. ఇనుపదే. చెబుతాలే, కూర్చో. ఇందాక ఏమన్నావు? మీ ఆఫీసులో పెద్ద మీటింగైతే నిన్ను ఛైర్మన్ పక్క కుర్చీలో కూర్చోబెడతారా? కంప్యూటర్ వాళ్లు ఊఁ అంటేగానీ కొత్త బ్రాంచి కూడా తెరవరా? సంతోషం. మా కొట్లో కంప్యూటర్‌కి ఇచ్చిన స్థానం ఎక్కడో తెలిస్తే నువ్వు రేపే రాజీనామా ఇస్తావు. మెట్ల కింద. చీపుర్లూ, నేల తుడిచే బకెట్టూ ఉండే చోట. చీపుర్లని బయటికి తోసి, అద్దాల తలుపు పెట్టించి, ఏసీ బిగించారు. కొట్టు మొత్తానికి అదొక్కటే ఏసీ. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక మా యజమానికి కంప్యూటర్ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టేది, లోపలికెళ్లి కుర్చీలో వెనక్కి వాలి గంటసేపు దాన్ని పరిశీలించేవాడు, కళ్లు మూసుకుని.

ఎందుకు కొన్నాడంటావా? ఎదుటి కొట్టాయన కొన్నాడు కాబట్టి. ఇంకేం కారణం కావాలి? మాదీ ఆయనదీ ఒకే సరుకు. మిల్లులకీ, మోటార్లకీ, అచ్చు యంత్రాలకీ కావలసిన బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు. నేను స్టోరు మేస్త్రీని. ముప్పై ఏళ్లు. నాకు చదువు అంతంత మాత్రమని నీకు తెలుసుగా, సంతకం చేస్తాను, అంకెలు గుర్తుపడతాను, అంతకుమించి అడక్కు. కానీ కళ్లకి గంతలు కట్టి వదిలితే ఏ బేరింగు ఏ అరలో ఉందో చెయ్యి పెట్టి తీసిచ్చేవాణ్ణి. అరలకి నా గుర్తులు నేను పెట్టుకున్నాను. సుద్దముక్కతో ఒకదాని మీద దువ్వెన, ఒకదాని మీద చేప, ఒకదాని మీద గొడుగు. అవి నాకు తప్ప ఇంకొకరికి అర్థం కావు. కాకూడదనే.

ఆ మెట్ల కింద గదిలోకి ఒకమ్మాయిని తెచ్చారు. అందరం మెట్లకిందమ్మాయి అనేవాళ్లం, అసలు పేరు ఎవరడిగారు. సన్నగా ఉండేది, పెద్ద కళ్లద్దాలు, ఆ ఏసీకి తట్టుకోలేక ఎండాకాలంలో కూడా స్వెట్టరు. ఆవిడ పని ఉత్తరాలు కొట్టడం. మా యజమానికి ఆ యంత్రంలో అన్నిటికన్నా నచ్చింది ఏమిటో తెలుసా, ఉత్తరం చుట్టూ పూల అంచు. "ఇంకో రకం పూలొస్తాయేమో చూడమ్మా" అనేవాడు. మిల్లువాళ్లకి బెల్టు ఆలస్యమవుతుందని క్షమాపణ రాస్తే చుట్టూ గులాబీలు. నవ్వకు, నిజం.

ఆ పిల్ల ఒకరోజు యజమాని బల్ల ముందు నిలబడి అంది. నేనక్కడే ఉన్నాను. "సార్, ఇది ఉత్తరాల కోసం పుట్టింది కాదు. ఏ మిల్లువాళ్లు ఏ బెల్టు ఎన్నాళ్లకోసారి కొంటున్నారో ఇందులో పెడితే, ఎవరికి ఎప్పుడు ఏది అవసరమో వాళ్లకంటే ముందు మనకి తెలుస్తుంది. మనమే ఫోన్ చేసి పంపించొచ్చు." మా యజమాని నా వైపు చూసి కళ్లతోనే నవ్వాడు. "అది చెప్పడానికి మా మేస్త్రీ ఉన్నాడు కదమ్మా. ఆయనకి ఏసీ కూడా అక్కర్లేదు" అన్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందనుకున్నావు, చొక్కా గుండీ ఒకటి తెగే ఉంటుంది.

అయినా వదల్లేదు. సరే, స్టోరు వరకు ఎక్కించి చూపించు అన్నాడు యజమాని విసుగొచ్చి. అంతే, నా అరల మీద పడింది. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి అన్నిటికీ తెల్ల చీటీలు, అచ్చు అక్షరాలు. నేను చదవలేనని ఆవిడకేం తెలుసు. అడిగితే నేను చెప్పను కదా. కళ్లద్దాలు మర్చిపోయానని రెండు రోజులు నెట్టుకొచ్చాను. మూడో రోజు చూస్తే చీటీలు మారిపోయాయి. అక్షరాల పక్కన, చిన్న చిన్న నక్షత్రాలు పేర్చి అచ్చు కొట్టిన బొమ్మలు. దువ్వెన. చేప. గొడుగు. ఆ యంత్రంతో బొమ్మ వేయడానికి ఆ పిల్ల ఎంతసేపు కూర్చుందో. మంచిమనసే కదా అంటావు నువ్వు. ఇప్పుడు అంటావు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీకి చదువు రాదని కొట్టంతా చాటింపు వేసినట్టే అనిపించింది. అన్నీ పీకి చెత్తబుట్టలో పడేశాను. మర్నాడు ఆవిడ బుట్ట చూసింది, నన్ను చూసింది, "జిగురు సరిగ్గా అంటలేదు బాబాయ్‌గారూ" అంది. అంతే అంది.

ఇక అసలు సంగతి. స్టోరులో చివర గోడ దగ్గర నాకొక వరస ఉండేది, వెనక వరస అనేవాణ్ణి. పెట్టెలో పది బేరింగులు వస్తే, వచ్చిన సరుకు చీటీ మీద తొమ్మిది గీతలే గీసేవాణ్ణి. పదోది వెనక వరసలోకి. దొంగతనం కాదు, అలా చూడకు నన్ను. కొట్టు నడిచినన్నాళ్లూ ఒక్కటి ఇంటికి తెచ్చుకుంటే అడుగు. ఎందుకంటే, సరుకంతా అయిపోయిన రోజున ఏ పిండిమిల్లాయనో చెమటలు కక్కుతూ వస్తాడు, మిల్లు ఆగిపోయింది మేస్త్రీ, చచ్చిపోయాను అంటాడు. యజమాని లేదంటాడు. నేను లోపలికెళ్లి, కాసేపు అటూ ఇటూ తిరిగి, ఒకటి పట్టుకొస్తాను. అప్పుడు ఆ మిల్లాయన ముఖం చూడాలి నువ్వు. దేవుడు కనబడ్డట్టు చూసేవాడు. నాకు ముప్పై ఏళ్లు ఆ చూపే పెన్షను.

మరి ఆ పిల్ల నా గీతలు లెక్కపెట్టే కదా యంత్రంలోకి ఎక్కించేది. అది సున్నా అంటుంది, నేను చేత్తో పట్టుకొస్తాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి అచ్చాఫీసాయన ముందే జరిగింది. యజమాని కొట్టంతా వినపడేలా అన్నాడు: "ఇంత పెట్టి కొన్నాం, నీ యంత్రానికి పదివరకు లెక్కపెట్టడం రాదమ్మా. మేస్త్రీ దగ్గర నేర్పించు." అందరూ నవ్వారు. నేను కొంచెం ఎక్కువ నవ్వాను.

ఆ సాయంత్రం స్టోరులోకి వచ్చింది. సరుకు పంపిన కంపెనీల కాగితాలు ఒక చేతిలో, నా గీతల చీటీలు ఇంకో చేతిలో. వెనక వరస ముందు నిలబడింది. దాని మీద గోనెపట్టా కప్పి ఉంది, ఎత్తలేదు. "బాబాయ్‌గారూ, చేప గుర్తు బేరింగులు దీని వెనక ఇరవైమూడు ఉండాలి. నా లెక్క తప్పయితే చెప్పండి" అంది. ఎలుకలు ఉంటాయి, దూరంగా ఉండమ్మా అన్నాను. "మీ పేరు ఎక్కడా రానివ్వను. మీకై మీరే సార్‌కి ఒక్కమాట చెప్పండి, చాలు. ఇది తప్పు చెప్పదని తెలిస్తేనే దీన్ని పనికి పెడతారు. లేకపోతే నన్ను పంపించేస్తారు, ఇంట్లో నా ఒక్కదాని జీతమే" అంది. చూద్దాంలే అన్నాను. ఆవిడ వెళ్లాక పట్టా ఎత్తి లెక్కపెట్టాను. ఇరవైరెండు. మళ్లీ పెట్టాను, ఇరవైరెండే. నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. చూశావా, యంత్రమూ తప్పే, నువ్వూ తప్పే అనుకుంటూ బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. చీటీల మీద బరువుగా పెట్టుకున్న బేరింగు కనబడింది, చేప గుర్తుదే. ఎప్పుడు తెచ్చి పెట్టుకున్నానో, నాకే గుర్తులేదు. ఆవిడ యంత్రానికి గుర్తుంది.

వారం తర్వాత యజమాని ఇద్దర్నీ పిలిచాడు. "ఎందుకమ్మా ఇది ప్రతిసారీ తప్పుతోంది?" అని అడిగాడు. ఆవిడ నా వైపు తిరిగింది. తిరిగి, ఆగింది. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాను, నాకు నెల కూడా చదవడం రాదు, అయినా చూస్తున్నాను. కాసేపటికి "నా పొరపాటే సార్" అంది. ఉత్తరాలకి ఇంకెవరినైనా పెట్టుకుంటాంలే అన్నాడు ఆయన. స్వెట్టరు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎక్కడికంటావా? రోడ్డు దాటింది, అంతే. ఎదుటి కొట్టాయన, ఆ బట్టతలాయన అంటే నాకు ఇప్పటికీ పడదు, కానీ ఒకటి చెప్పాలి, ఆవిణ్ణి మెట్ల కింద పెట్టలేదు. తన బల్ల పక్కనే, వాకిట్లోకి కనబడేలా కూర్చోబెట్టాడు. ఏడాది తిరక్కుండా మా పిండిమిల్లాయన రావడం మానేశాడు. వీధిలో పట్టుకుని అడిగితే, "వాళ్లు బెల్టు తెగకముందే ఫోన్ చేసి పంపిస్తున్నారు మేస్త్రీ, మిల్లు ఆగితే కదా నీ దగ్గరికి పరిగెత్తాలి" అన్నాడు. తర్వాత అచ్చాఫీసాయన. తర్వాత అందరూ. అప్పుడు నిద్ర లేచాడు మా యజమాని. టై కట్టుకున్నవాడొకడు వచ్చి వ్యూహమన్నాడు, దిశానిర్దేశమన్నాడు, ఒకటికి ఆరు కంప్యూటర్లు దింపాడు. అందులోకి ఎక్కించింది మాత్రం ఏమిటి? నా గీతలే. పదికి తొమ్మిది. ఆరు కంప్యూటర్లూ ఏకకంఠంతో అబద్ధం చెప్పాయి. కొట్టు మూసినరోజు స్టోరు ఖాళీ చేస్తుంటే వెనక వరస నిండా సరుకు. అడగడానికి వచ్చేవాళ్లే లేరు. నా బల్ల మీది ఇదొక్కటే నాతో ఇంటికొచ్చింది.

ఆవిడ చనిపోయి చాలా ఏళ్లయింది. ఆ బట్టతలాయన కొట్టు ఇప్పుడెంత పెద్దదో నీకు తెలుసుగా, గోడ మీద ఆవిడ ఫోటో ఉందట. ఉండనీ. బతికుండగా ఒకసారి బస్టాపులో కనబడింది. జుట్టు నెరిసింది. నేను తల తిప్పుకునేలోపే "బాగున్నారా బాబాయ్‌గారూ" అంది. చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఇరవైమూడే అమ్మా, నువ్వన్నదే సరి, అని. ఎంతసేపు పడుతుంది ఆ మాటకి? ఆవిడ కూడా ఆగింది, అప్పుడు ఆగినట్టే. నేను బస్సు ఇంకా రాలేదేమిటి అన్నాను.

తిప్పకు, తిప్పకు దాన్ని. తిప్పితే ఇంకా కొత్తదానిలాగే తిరుగుతుంది. చీటీల మీద పెట్టేయ్. ఆ తెల్ల బిళ్ల పొద్దున వేసుకున్నానా లేదా, అట్టలో ఎన్ని మిగిలాయో నువ్వే లెక్కపెట్టి చెప్పు.