మొదటి గది డాక్టరమ్మగారికి రెండో గది నుంచి

రెండు వేల ఒకటవ సంవత్సరం జూన్ నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన దంతవైద్యశాలలో వంకర పళ్ళను సరిచేసే విభాగానికి ఇద్దరు వైద్యులు నియమితులయ్యారు. వారిలో ఒకరు నేడు పదవీ విరమణ చేస్తున్న, మనందరి గౌరవాభిమానాలకు పాత్రులైన పెద్ద డాక్టరమ్మగారు. రెండోవాణ్ణి నేను. వారెక్కిన బస్సు ముందొచ్చింది, నేనెక్కినది వెనకొచ్చింది. ఆ కాస్త తేడాతో వీధివైపు కిటికీ ఉన్న మొదటి గది వారికి, మెట్ల పక్కనున్న రెండో గది నాకు దక్కాయి. నాటినుంచి నేటివరకు రోగుల నోట వారు పెద్ద డాక్టరమ్మ, నేను రెండో గది డాక్టరును. వారి వీడ్కోలుకు తెస్తున్న ఈ సంచికకు వ్యాసం రాయమని మన రిసెప్షనిస్టు అడిగినప్పుడు, "పొగడ్తలు ఇంకెవరిచేతైనా రాయించమ్మా" అన్నాను. "ఇన్నేళ్ళు పక్క గదిలో ఉన్నది మీరే కదండీ, గోడకవతల ఏం జరిగిందో మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అంది. కాదనలేకపోయాను. ఆ గోడకు చెవి ఒగ్గి విన్నవాణ్ణి నేనే.

తొలి సంవత్సరాలలో పళ్ళకు తీగలు కట్టించుకోవడమంటే జనానికి బెదురుగా ఉండేది. పెద్ద డాక్టరమ్మగారు వచ్చినవారిని కూర్చోబెట్టి, ఎక్స్‌రే తీయించి, పళ్ళ అచ్చులు పోయించి, ఆ అచ్చులను బల్లమీద పెట్టి ఏ పన్ను ఎటు జరగాలో వేలితో చూపించేవారు. ఇందుకు రెండేళ్ళ దాకా పడుతుందని, నెలనెలా వచ్చి తీగ బిగించుకోవాలని, బిగించిన తర్వాత రెండు మూడు రోజులు మెత్తటి ముద్ద నమలడం కూడా కష్టమేనని, గట్టివి కొరికితే పళ్ళకంటించిన బిళ్ళలు ఊడతాయని, తీగ బుగ్గ లోపల గుచ్చుకుంటే మైనం అద్దుకోవాలని, అంతా అయ్యాక కూడా పళ్ళు పాత చోటికి పోకుండా రాత్రిపూట క్లిప్పు పెట్టుకోవాలని ఏ దాపరికమూ లేకుండా విశదీకరించేవారు. అవసరం లేనివారితో "మీ పళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి, ఇంటికెళ్ళండి" అని చెప్పి పంపేసేవారు. అలా వెళ్ళినవారు ఊరుకునేవారు కారు, వంకర పళ్ళున్న బంధువులందరినీ వెంటబెట్టుకొచ్చేవారు.

నా పద్ధతి వేరు. "ఏమీ నొప్పి ఉండదు" అనేవాణ్ణి. రోగిని ముందే భయపెట్టడం వైద్యధర్మం కాదని నా సిద్ధాంతం. నా సిద్ధాంతాన్ని ఆలకించిన రోగులు మరుసటి నెలలో మొదటి గది ముందున్న బెంచీమీద దర్శనమిచ్చేవారు.

రెండు వేల తొమ్మిదిలో వారు విభాగాధిపతి పదవిని అలంకరించారు. అప్పటికి నేనూ అర్హుణ్ణేనని ఇక్కడ వినయపూర్వకంగా గుర్తుచేస్తున్నాను. ఆ కాలంలోనే వారి తిట్ల పద్ధతి నలుగురి నోళ్ళలో పడింది. తీగ బిగించుకుని వెళ్ళి నెల తిరిగొచ్చిన రోగి కుర్చీలో వాలగానే, వారు పరికరం ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడి, "ఊఁ, ముందు నన్ను తిట్టండి. ఆ తర్వాతే నోరు చూస్తాను" అనేవారు.

"మీ చేతులు పడిపోను!" అని ఒక పెద్దమనిషి, బ్యాంకు మేనేజరు, నోరారా తిట్టడం నా చెవులతో నేను విన్నాను. "అరటిపండు తినలేక ఏడ్చానండీ, మా పిల్లల ముందు!"

"ఇంకా?"

"ఇంకేం లేదండి. అంతే."

"అయితే నోరు తెరవండి."

ఆపైన ఇద్దరూ నవ్వేవారు. ఆ నవ్వు గోడ దాటి నా గదిలోకి వచ్చేది, రోగులు మాత్రం వచ్చేవారు కారు. ఉక్రోషం కొద్దీ నేనూ ఒకసారి ఒక లాయరుగారిని తిట్టమన్నాను. నొప్పి ఉండదని ముందే హామీ ఇచ్చి ఉన్నానేమో, ఆయన ఎంతకీ ఆపలేదు.

ఇంతవరకు రాసినదంతా వృత్తిపరమైన కడుపుమంట. దానితో నెట్టుకొచ్చాను. భరించలేనిది ఒకటే జరిగింది. నిరుడు మా అమ్మాయికి ముందు పళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కాయి. నేను రెండో గదిలో కుర్చీ తుడిపించి, దీపం సరిచేసి సిద్ధంగా నిలబడితే, పిల్ల నా గుమ్మం దాటి నేరుగా మొదటి గదిలోకి నడిచింది.

"అదేమిటే, నేనుండగా?"

"నువ్వు నొప్పి ఉండదంటావు నాన్నా. నా పాలపన్ను పీకినప్పుడూ అదే అన్నావు."

పిల్ల వెంట వచ్చిన మా ఆవిడ నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకుంది. ఆ రోజునుంచి మా అమ్మాయికి డాక్టరమ్మగారు 'అత్త' అయ్యారు. తోబుట్టువులు లేని నాకు ఇలా ఒక అక్కగారు వచ్చి చేరారు. నా ఇంట్లో, నా భోజనాల బల్ల దగ్గర, "అత్త ఇలా నమలమంది, అత్త అలా తోముకోమంది" అని వింటూ ముద్ద మింగడం ఎంత కష్టమో పళ్ళకు తీగలు లేనివారికి కూడా తెలియాలని రాస్తున్నాను.

పదవీ విరమణ తేదీ ఖరారయ్యాక, చికిత్స సగంలో ఉన్న వారి రోగులందరినీ నాకు అప్పగించారు. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మా అమ్మాయి ఒక్కతే. "అత్త లేకపోతే తీగలు తీయించేసుకుంటా. వంకరగానే ఉంటా" అని భీష్మించుకుంది. సగం జరిగిన పళ్ళను అలా వదిలేస్తే పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. అంతకంటే, కన్నకూతురు నా చేతిని నమ్మకపోవడం నన్ను తినేసింది. అభిమానం చంపుకుని మొదటి గదికి వెళ్ళాను.

"మీరు ఒక్క మాట చెప్పండి, వింటుంది" అన్నాను.

"చెబితే వస్తుంది డాక్టరుగారూ. కానీ నా మాట మీద వచ్చినట్టవుతుంది. మీ మాట మీద రానివ్వండి."

"ఏ మాట?"

"మీకు తెలీదా? ఇన్నేళ్ళూ గోడకవతల నుంచి వింటూనే ఉన్నారుగా!"

నా ముఖం ఎలా ఉండి ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు.

పోయిన వారం మా ఆవిడ పిల్లను బతిమాలి నా కుర్చీలో కూర్చోబెట్టింది. పిల్ల పెదవులు బిగించుకుని కూర్చుంది. నేను అలవాటుగా "ఏమీ నొ..." అనబోయి ఆగాను.

"రేపు నొప్పి పెడుతుందమ్మా" అన్నాను. "ఎల్లుండి ఇంకా పెడుతుంది. తర్వాత తగ్గుతుంది. అందాకా మెత్తటివే తిను, నన్ను తిట్టుకో."

అది నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడే తిట్టొచ్చా?"

"తిట్టు."

పాలపన్ను దగ్గర మొదలుపెట్టి చాలాసేపు తిట్టింది. ఆ తర్వాత నోరు తెరిచింది. తీగ సరిగ్గానే పడింది. గోడకవతల చప్పుడు లేదు. ఈసారి వింటున్నది వారని నాకు అర్థమైంది.

రేపటినుంచి వీధివైపు కిటికీ ఉన్న గది నాది. రోగులు అప్పుడే నన్ను 'పెద్ద డాక్టరమ్మగారి గదిలో కూర్చోబోయే డాక్టరు' అంటున్నారని రిసెప్షనిస్టు చెప్పింది. నా కూతురు నన్ను నమ్మిన రోజున నా నోటికొచ్చిన మాట కూడా వారిదే. దానికీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. వారు తమ శ్రీవారితో, మనవలతో తీరిగ్గా, హాయిగా గడపాలని మన వైద్యశాల పక్షాన ఆకాంక్షిస్తున్నాను. ఇక నా మటుకు నాకు, వారి మీదున్న ఈ అసూయ తీరడానికి చాలా ఏళ్ళు పట్టేట్టుంది. అది తీరిననాడు ఆ సంగతి స్వయంగా వెళ్ళి చెప్పుకోవాలని ఉంది కనుక, అన్నాళ్ళూ, ఆపైన మరెన్నో ఏళ్ళూ వారు సంపూర్ణ ఆరోగ్యంతో, అన్ని పళ్ళతో, చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.