ఐసు నరకం దాటితే కొండ

ఒలే పద్మావతీ, ఆ సేపల ఐసు సింకులో పారబొయ్యకే. గిన్నెలోకెత్తి ఇలగ తే. దేనికీ కాదు, ఊరికే. కాసేపు సేతిలో పట్టుకుంటాను. నవ్వుతావేటే? డెబ్బై ఏళ్ళు దగ్గిరపడ్డ ముసల్ది ఐసుముక్కతో ఆడుకుంటందనా? నవ్వు, నవ్వు. మధురవాడలో ఏడో అంతస్తులో కూకున్నా సేపలొచ్చేసరికి నా ముక్కు హార్బరుకెల్లిపోద్ది, ఐసు సూసేసరికి మా అన్న గుర్తొచ్చేత్తాడు. మీ పెదతాత అర్జునరావు. నువ్వు పుట్టకముందే ఎల్పోయాడు. ఫోటో ఒకటుండేది గానీ ఉప్పుగాలికి మొహం కాడే పోయింది, సొక్కా మిగిలింది. ఆ సొక్కాకే దండేసీవోళ్ళం కొన్నాళ్ళు.

ఆడు బోటు డ్రైవరే. హార్బరు కొత్తగా కట్టిన రోజులు, డెబ్బై ఎనిమిదనుకుంటాను. అప్పటికి మోటారు బోటు నడిపేవోడంటే ఇప్పుడు ఇమానం నడిపేవోడికున్నంత దర్జా. కళ్ళజోడెట్టుకుని, రేడియో భుజాన్నేసుకుని. ఆడికో జతగాడుండేవోడు, కన్నబాబని. మాకు సుట్టరికమే, ఆడు మా అన్నని బావా అనేవోడు. కన్నబాబుకి బోటు లేదు, తెప్పే. నాలుగు దుంగలు కట్టినది, దాని మీద కూకుని ఏటాడేవోడు. మా అన్న ఆ తెప్పకి తాడు కట్టి బోటు ఎనకాల లాక్కెల్లేవోడు దూరం ఏటకి. "నీ ఇంజనుకి నా తెప్ప తోక రా బావా" అనేవోడు కన్నబాబు. ఎప్పుడూ నవ్వే. పని తక్కువ, తిండెక్కువ. ఆళ్ళమ్మ గంగాలమ్మకి ఆడొక్కడే. ఆవిడ ఒడ్డున వలలు బాగుసేసీది, సేతులు సూడాల్సిందే నువ్వు, కళ్ళు మూసుకుని ముడేసేత్తాది.

సరే. ఆ ఏడు ఒక రోజు గాలి సెప్పకుండా లేసింది. రేడియోలో ఏటీ లేదు. మా అన్న బోటులో తనతో కలిపి ఐదుగురు, ఎనకాల తెప్ప మీద కన్నబాబొక్కడు. ఆడితో ఎల్లాల్సినోడు జొరమొచ్చి దిగిపోయాడు. కెరటం లేచినప్పుడల్లా తెప్ప బోటుని ఎనక్కి లాగుతంది, ఇంజను ఆగుతంది, నడుత్తంది. బోటులోకి నీళ్ళు. సాయంత్రానికి బోటొచ్చింది, ఐదుగురూ దిగేరు, తెప్ప లేదు. గంగాలమ్మ ఎదురెల్లింది. మా అన్న ఆవిడ మొహం సూడకుండా "తాడు తెగిపోయిందత్తా" అన్నాడు. అంతే అన్నాడు. మిగతా నలుగురూ నీళ్ళు తోడుతా ముందు కూకున్నారు, ఆళ్ళేటీ సూడలేదు. ఊరంతా ఏడిసింది, తాడుని తిట్టింది. తాడమ్మినోణ్ణి కూడా తిట్టింది పాపం, ఆడేటి సేసేడు.

అక్కణ్ణించి మా అన్న సముద్రం మానీసేడు. బోటు ఓనరు ఇంటికొచ్చి బతిమాల్తే "నడుం నొప్పి" అన్నాడు. ఎల్లి ఐసు ఫ్యాక్టరీలో సేరేడు. దిమ్మలు కొక్కెంతో లాగడం, సుత్తితో పగలగొట్టడం. అంత డ్రైవరు గోనెసంచి సేతులకి సుట్టుకుని ఐసు కొడతన్నాడంటే నవ్వేవోళ్ళు. "ఏటి బావా, ఇంజను సల్లబడిపోయిందా" అనేవోళ్ళు. ఆడు ఇంకో దిమ్మ లాక్కునేవోడు. గంగాలమ్మ వల బాగుసేసే సోటుకీ ఆ ఫ్యాక్టరీకీ మధ్యన ఒక రోడ్డే. మూడేళ్ళు ఆ రోడ్డు దాటలేదు ఆడు. సుట్టూ తిరిగి ఇంటికొచ్చేవోడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, పెళ్ళికాలేదింకా, కలలు కనే వయసు. ఐదో తరగతితో ఆపీసేరు గానీ కథంటే సెవి కోసుకునేదాన్ని. నాకేటనిపించిందంటే, మా అన్న ఎవర్నో ప్రేమించి దెబ్బతిన్నాడని. సూడు నా తెలివి.

ఇప్పుడు గురునాథరావు బాబు గురించి సెప్పాల. పోర్టులో గుమాస్తా, మల్కాపురంలో ఉండేవోడు. ఎక్కడో పార్వతీపురం దగ్గిర పొలాలోళ్ళ కుర్రాడు. ఉద్దోగం గుమాస్తా గానీ మనసంతా పద్యాలే. సాయంత్రం అయితే ఐసు ఫ్యాక్టరీ పక్క టీ కొట్టుకొచ్చి కూకునేవోడు. మా అన్న ఐసులో సేరిన మూడో ఏడు ఇటలీ ఓడొకటి మరమ్మతుకని రెండు నెలలు ఆగిపోయింది. దాంట్లో ఇంజనీరు ఒకడు, గెడ్డమోడు, మనిషి ఇంతెత్తు. ఈ ఇద్దరికీ ఎలాగ కుదిరిందో, ఆయనొచ్చి ఆళ్ళ దేశంలో ఆరేడొందల ఏళ్ళ నాటి పద్యాలు కళ్ళు మూసుకుని పాడేవోడు, తరవాత ముక్కలు ముక్కలుగా ఇంగ్లీసులో సెప్పేవోడు, ఈయన నోటుబుక్కులో రాసుకునేవోడు. ఓడెల్లిపోయేక మా అందరికీ తెలుగులో సెప్పేవోడు. సేపల గంపలు దింపీసి మేం అక్కడే కూలబడి ఇనేవోళ్ళం. ఒక మనిషి, ఊపిరున్నోడే, దారి తప్పి నరకంలోకి నడిసి ఎల్తాడు. మెట్టు మెట్టుకీ ఒక పాపం. గాలిలో కొట్టుకుపోయేవోళ్ళు కొందరు, నిప్పుల వానలో కొందరు. గురునాథరావు బాబు ఏలెత్తి సెప్పేవోడు, "ఇవన్నీ గుర్తులమ్మా. ఆ గాలి బయట గాలి కాదు, మనసు నిలవనోడి లోపలి గాలి. సేసిన పాపమే శిక్షలాగ కనబడతాది" అని. మాకు బాగా నచ్చింది. మాతో సేపలమ్మే జోగమ్మైతే "మా తోటికోడలు ఏ మెట్టు మీదుంటాదో సూడు బాబూ" అని అడిగీసింది.

ఆ రోజు మా అన్న ఫ్యాక్టరీ గుమ్మంలో సుత్తి పట్టుకుని నిలబడి ఇంటన్నాడు, నాను సూసేను. గురునాథరావు బాబు అన్నాడు కదా, "అన్నిటికన్నా అడుగున నిప్పుండదు. ఐసుంటాది. పెద్ద సెరువంత ఐసు, అందులో పీకలదాకా దిగబడిపోయిన మనుషులు. ఏడుద్దామంటే కన్నీళ్ళు కూడా గడ్డకట్టేత్తాయి" అని. "అక్కడెవరుంటారు బాబూ" అంటే, "నమ్మినోణ్ణి ముంచినోళ్ళు. నిప్పుకైనా యెచ్చదనం ఉంటాది, నమ్మకం కోసీసినోడి గుండెలో అదీ ఉండదు. అదే ఆ ఐసు" అన్నాడు. మా అన్న సేతిలో సుత్తి కింద పడింది. ఎవరూ పట్టించుకోలేదు. ఐసు ఫ్యాక్టరీ పక్కన ఐసు నరకం అనేసరికి అందరూ నవ్వుతన్నారు మరి.

మర్నాటి నుంచి ఆడు సేతులకి గోనెలు ఇప్పీసేడు. సెప్పులు ఇడిసీసేడు. వట్టి కాళ్ళతో ఐసు మీద నిలబడి, వట్టి సేతుల్తో దిమ్మలు ఎత్తేవోడు. పది రోజులకి ఎడమసెయ్యి నీలంగా వాసిపోయింది, ఏళ్ళు ముడవడం లేదు. నాను గొడవెట్టీసేను. "పిచ్చెక్కిందేటి నీకు, సెయ్యి తీసెయ్యాల్సొత్తాది" అని. ఆడు నెమ్మదిగా అన్నాడు, "ఒలే తవిటీ, నా సోటు నాకు దొరికిందే. నన్ను ఇక్కడ ఒగ్గీ" అని. అప్పుడు సెప్పేడు నాకు. తాడు తెగలేదంట. ఆడే కత్తెట్టి కోసేడంట. కన్నబాబు సూత్తండగానే. కోసినందుక్కాదేమో గానీ, కోసి వొచ్చి ఆళ్ళమ్మకి తెగిపోయిందని సెప్పినందుకు ఆడు ఆ ఐసులో దిగిపోతన్నాడు.

కొంగు దోపుకుని గురునాథరావు బాబు దగ్గిరకెల్లి కడిగీసేను. "ఏటి బాబూ మీ కథ? మనుషుల్ని ఐసులో పాతీసి టీ తాగి ఎల్పోతారా?" అన్నాను. ఆయన బిత్తరపోయి, "కథ అయిపోలేదు తవిటమ్మా, ఇంకా సగం పైనే ఉంది. నరకం అయ్యేసరికి అందరూ గంపలెత్తుకుని లేసిపోయేరు. తరవాతది ఎవరూ అడగలేదు, నాను సెప్పలేదు" అన్నాడు. మరి సెప్పమన్నాను. సిగ్గుపడతా నోటుబుక్కు తీసేడు. ఆ ఊపిరున్నోడికి ఆ ఐసు మధ్యలోంచే దారంట. దిగుతా దిగుతా ఉంటే ఒక సోట దిగడమే ఎక్కడం అయిపోద్దంట. బయటకొచ్చేసరికి తెల్లారబోతాదంట, సముద్రం, సముద్రం మధ్యలో ఒక కొండ. ఆ కొండ కాడికి మనుషుల్ని పడవ మీద తెత్తారంట, పాడుకుంటా వొత్తారంట అందరూ. ఒడ్డున దిగ్గానే మొహానికంటిన మసి గడ్డి మీది మంచునీళ్ళతో కడుగుతారంట. బండలు మొయ్యాల, ఎక్కాల, కష్టమే. అయినా ఒకళ్ళ సెయ్యి ఒకళ్ళు పట్టుకుంటారు. "ఆళ్ళు పాపం సెయ్యనోళ్ళా బాబూ?" అన్నాను. "సేసినోళ్ళే. కింద ఉన్నోళ్ళు సేసినవే సేసేరు. కానీ ఈళ్ళు ఒప్పుకున్నోళ్ళు, అంతే తేడా" అన్నాడు. దానికో పెద్ద మాట సెప్పేడు, పశ్చా... అది నాకు నోరు తిరగలేదు, ఇప్పటికీ తిరగదు. అప్పుడడిగేను అసలు ముక్క. "మరి ఆ ఐసులో ఉన్నోళ్ళు ఒప్పుకుంటే పైకొత్తారా?" గురునాథరావు బాబు అబద్ధమాడలేని మనిషి. బుక్కు మూసేసి, "రారమ్మా. పద్యంలో ఐసులోనోళ్ళు ఐసులోనే ఉండిపోతారు" అన్నాడు.

దారంతా ఏడుసుకుంటా వొచ్చేను. డాల్ఫిన్ నోస్ కొండ మీద లైటౌసు ఎండలో తెల్లగా మెరుత్తంది. ఏటనుంచి తిరిగొచ్చేవోళ్ళకి ముందు కనబడేది అదే కదా, ఒడ్డు కనబడదు, ఇల్లు కనబడదు, కొండే. సరేలే అనుకున్నాను. ఫ్యాక్టరీలోకెల్లి మా అన్న సెయ్యి నా కొంగులో సుట్టి ఒళ్ళో ఎట్టుకుని మొత్తం సెప్పేను. ఆ దారి, ఆ కొండ, పాటలు పాడే పడవ. "ఆ కొండ మన డాల్ఫిన్ నోసులాగే ఉంటాదంటన్నా" అన్నాను, ఆయనేటీ అనలేదు ఆ మాట, నానే కలిపేను. ఇంకోటి కూడా కలిపేను. "ఐసులో ఉన్నోడు నోరిప్పి ఒప్పుకుంటే ఐసు పగిలిపోద్దంట, ఆడే ముందెక్కుతాడంట" అన్నాను. మా అన్న నా మొహం సాలాసేపు సూసేడు. లేసి, సెప్పులేసుకుని, ఆ రోడ్డు దాటేడు.

మిట్టమధ్యాన్నం. గంగాలమ్మ వల బాగుసేత్తంది. నాను ఎనకాల నిలబడ్డాను. "అత్తా, తాడు తెగలేదు. నాను కోసేను" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. రెండు ముడులేసింది. మూడోది కూడా ఏసింది. అప్పుడంది, "మూడేళ్ళు పట్టిందేట్రా అర్జునూ, రోడ్డు దాటడానికి?" లేసి లోపలికెల్లి రేకుపెట్టెలోంచి మూరెడు తాడు తెచ్చి ఆడి ముందేసింది. "ఆ రోజు రేత్రి దాకా ఆగలేదు, నువ్వు బోటు కట్టగానే ఎల్లి సూసేను. తెగిన తాడు కొస పీసులు పీసులుగా ఉంటాది. నా సేతిలో ఎన్ని తెగలేదు? ఇది సూడు, బెల్లం అచ్చు కోసినట్టుంది." మా అన్న ఆ తాడు సేతిలోకి తీసుకున్నాడు. "మరి అడగలేదేటత్తా" అన్నాడు. "అడిగితే ఇంకో అబద్ధం ఆడేవోడివి. అప్పుడు నాకు నువ్వు కూడా మిగలవు" అంది. సూడు, ఏ పద్యంలో ఉంటాదే ఆ మాట?

ఆడు కూలబడిపోయాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టింది గానీ. "ఆ నలుగురి పెళ్ళాలు బొట్టెట్టుకుని నా ముందే తిరుగుతన్నారు, నాకు కళ్ళు లేవా? నువ్వు కొయ్యకపోతే ఆరుగురు పోయేవోళ్ళు, నాకది తెలుసు. కానీ నా కొడుకుని సివరిసారి సూసినోడివి నువ్వొక్కడివిరా. సెప్పకుండా ఐసులో దాక్కుంటావా? కూకో. మొత్తం సెప్పు" అంది. మొత్తం సెప్పేడు. ఆవిడ మధ్యలో అడిగింది, "ఆ పొద్దుట ఏటి తిన్నాడ్రా?" "సద్దన్నం, ఎండుసేప అత్తా." "కడుపు నిండిందా?" "నా వాటా కూడా తినీసేడు." గంగాలమ్మ నవ్వింది. మూడేళ్ళకి. నవ్వి, అప్పుడేడిసింది. ఇద్దరూ ఆ వల మీదే పడి ఏడిసేరు. పొద్దుగూకే యేళకి లేసి, "రేపు సముద్రానికెల్లు. ఆడు పోయిన కాడ పాలు పొయ్యి. మీ అమ్మకి సెప్పేసేనురా అని సెప్పి, తిన్నగా ఇంటికొచ్చీ" అంది.

ఎల్లేడు. నడుంనొప్పి ఏటైపోయిందో మరి. ఆ మర్నాడు తెల్లారేసరికి గంగాలమ్మా నానూ జెట్టీ మీద నిలబడ్డాం. బోటు కొండ పక్కనుంచి తిరిగింది. మా అన్న పాడతన్నాడు, గొంతు బాగోదు, అయినా పాడతన్నాడు. దిగ్గానే ఆవిడ సెంబుతో నీళ్ళు తెచ్చి ఆడి మొహం కడిగింది, ఇంజను మసి. ఆవిడికి నాను కథ సెప్పలేదే. ఇటలీ ఏటో, పద్యమేటో ఆవిడికేటి తెలుసు? అప్పణ్ణించి ఆవిడున్నన్నాళ్ళూ ఏటనుంచి తెచ్చిన మొదటి సేప ఆవిడ గుమ్మంలో ఎట్టేకే ఇంటికొచ్చేవోడు. ఆ ఎడమసేతి రెండేళ్ళు మాత్రం పూర్తిగా సాగలేదు మళ్ళీ. ఆ సేత్తోనే నడిపేడు బోటు.

నా అబద్ధం మాత్రం నన్ను పీకుతా ఉండీది. ఏడెనిమిదేళ్ళు పోయేక, ఆడు మంచాన పడ్డప్పుడు, సెప్పీసేను. "అన్నా, ఐసు పగిలిపోద్దని ఆ పద్యంలో లేదు. నాను కల్పించేను" అని. ఆడు కళ్ళు మూసుకునే, "తెలుసే" అన్నాడు. "నీకన్నా ముందే ఎల్లి ఐసులోనోళ్ళు పైకొత్తారా అని అదొక్క ముక్కే గురునాథరావు బాబుని అడిగేను. రారని సెప్పేసేడు నాకు" అన్నాడు. "మరి ఆ రోజు ఎలాగెల్లేవన్నా?" అంటే ఏటన్నాడో తెలుసా? "నువ్వు సెప్పింతర్వాత తట్టిందే తవిటీ. ఆ ఐసులోనోళ్ళంతా సచ్చినోళ్ళు. ఐసు మీంచి నడిసి అవతలకెల్లిపోయినోడు ఒక్కడున్నాడు కదా, ఊపిరున్నోడు. మరి నాకు ఊపిరుంది కదే" అన్నాడు.

...

అదిగో, కరిగిపోయింది సూడు. సెయ్యి యెచ్చగానే ఉంది. లే, ఆ కత్తిపీట ఇలగ తే, సేప పాడైపోద్ది.