థర్జా పెద్దమ్మ కోసేసిన పేరు

ఏదీ, ఆ ఫారం ఇటు చూపించు. ఖైదీ పేరు, చేసిన నేరం, ఎక్కొచ్చిన ఓడ... మన వీధిలో పరిచే ఇటుక మీద చెక్కించడానికా? శుక్రవారంలోగా ఇవ్వాలా? బాగుందమ్మడూ. ఇంగ్లండు ఖైదీల్ని ఓడల్లో తెచ్చి దింపిన ఈ టాస్మేనియాలో, నా చిన్నప్పుడు "మీ తాత ఖైదీ అటగా" అంటే ఎదుటివాడి పళ్ళు రాలేవి. ఇప్పుడో? ముత్తాత రెండు గొర్రెల్ని ఎత్తుకొచ్చాడని తేలిన రోజు నుంచి ఆ పక్కింటి మెర్ల్ చర్చిలో ముందు బెంచీ వదలట్లేదు. "మాది ఏడేళ్ళ శిక్ష, మరి మీది?" అంటుంది, పెళ్ళిసంబంధం అడిగినట్టు.

బైబిల్ ఆ అలమరాలోనే ఉంది, తియ్యి. ముందు పేజీల్లో పుట్టుకలూ చావులూ రాసుకునేవాళ్ళు. చూశావా, కిటికీలాగా కన్నం? మీ అమ్మమ్మ, మా థర్జా పెద్దమ్మ ఘనకార్యం. వాళ్ళ నాన్న గడ్డం గీసుకునే కత్తితో అక్కడున్న పేరు కోసేసింది. ఏం కోసినా నీటుగా కోసేది మహాతల్లి. ఆవిడ స్పాంజి కేకు అయితే, అబ్బా... ఎక్కడున్నాను? ఆ, కన్నం. "ఖైదీ అయ్యుంటాడు, దాచేసింది" అనుకున్నారంతా. నువ్వూ అదే అనుకుని పరిగెత్తుకొచ్చావు.

దొంగ కాదే పిచ్చిదానా. పోయేముందు నాకు చెప్పింది. "ఆర్చీ, దొంగైతే కోసేదాన్నా? ఊళ్ళో ఎవరింట్లో లేడు?" అంది. ఆ పేరు థర్జా వాళ్ళమ్మ తండ్రిది, ఒబదయా క్రంప్. చేతికి సంకెళ్ళు కాదు, చేతిలో కొరడా. ఖైదీల వీపులు చీల్చడం ఆయన ఉద్యోగం.

మీ తాత హెక్టర్ ఉన్నాడు చూడు, ఆయన తాత సైలస్ ఎండాకాలంలో కూడా చొక్కా విప్పేవాడు కాదట. వీపు మీద క్రంప్ కొట్టిన నూరు దెబ్బలు. ఆ ఇంట్లో క్రంప్ అంటే బూతుమాట. అలాంటి ఇంట్లోకి కోడలుగా వెళ్ళాలి థర్జా. పెళ్ళికి ముందు హెక్టర్ వాళ్ళమ్మ టీకి వచ్చి, "ఏదమ్మా, మీ బైబిల్ చూద్దాం" అంది. కన్నం బయటపడింది. మా పెద్దమ్మ "ఎలకలండీ" అంది. "ఎలకలు స్కేలు పెట్టి కొరికాయా?" అని పెద్దావిడ పకపకా నవ్వి, దగ్గరికి లాక్కుని, చెవిలో "భయపడకే, మా ఇంట్లోనూ ఒకడున్నాడు" అంది. నలభై ఏళ్ళు ఆ అత్త చేతుల్లోనే బతికింది థర్జా. కోసింది దొంగ పేరు కాదని ఒక్కసారీ చెప్పలేదు.

ఏంటలా పెన్ను పట్టుకుని కూర్చున్నావు? సైలస్ పేరు రాసుకో. అసలు సిసలు ఖైదీ, దుప్పటి దొంగతనం, మెర్ల్ కుళ్ళుకుని చస్తుంది. ఒబదయా మాటా? ఫారంలో కొట్టించుకున్నవాళ్ళకే గడి ఉంది, కొట్టినవాడికి లేదుగా. ఇద్దరి నెత్తురూ నీలోనే ఉంది మరి. ఇటుకకి కింది వైపు కూడా ఉంటుందమ్మడూ, మట్టిలోకి పోయే వైపు, అక్కడ ఏ పేరు చెక్కినా ఎవరికీ కనపడదు...

మబ్బేసింది. దండెం మీద నా చొక్కాలున్నాయి, పోయి తీసుకురా.