ఆగొద్దే అన్న నోరు

స్కాన్ గదిలో చిన్నకూతురు చెప్పులు వేసుకుంటోంది. అద్దానికి ఇవతల తల్లి డాక్టరమ్మ పక్కన కూర్చుని, తెర మీద నెమ్మదిగా తిరుగుతున్న పిల్ల గుండె బొమ్మను చూస్తోంది.

“ఈ సన్న గొట్టం చూశారామ్మా? గుండెకు రక్తం తెచ్చేది ఇదే. పుట్టుకతోనే ఉండాల్సిన చోట కాకుండా పక్కన మొదలై, ఈ రెండు పెద్ద గొట్టాల మధ్య నుంచి దూరి వస్తోంది.”

“నడిస్తే ఏమీ అనదు డాక్టరమ్మా. పరిగెత్తితేనే నొప్పంటుంది.”

“పరిగెత్తితే ఆ రెండూ ఉబ్బి దీన్ని నొక్కేస్తాయి. ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. అంతవరకు పరుగు వద్దు. సమయానికే తెచ్చారు.”

“సమయానికా? దీని అక్కా పరిగెత్తితే నొప్పనే అనేది.”

“పరుగుపందెంలో కుప్పకూలి చనిపోయిందన్నారు, ఆ పిల్లేనా?”

“ఆ పిల్లే. నాలుగడుగులు పరిగెత్తి గుండె పట్టుకుని కూర్చునేది. పనిదొంగవే అనుకున్నా, పరుగుదొంగవి కూడానా అని నవ్వేదాన్ని. ఆ రోజు పందెం ముగింపు గీత పక్కన నిలబడి నేనే అరిచాను, ఆగొద్దే, ఆగొద్దే అని.”

“తనకూ ఇదే ఉందని ఇప్పుడు తేల్చలేమమ్మా.”

“నాకు తేలిపోయిందిలెండి. ఈ స్కాన్‌కి కోత ఏమైనా పెట్టారా?”

“లేదమ్మా. చేతికి ఒక్క సూది, అంతే. పది నిమిషాల పని.”

“పది నిమిషాలే!”

తలుపు తెరుచుకుంది. “అమ్మా, బస్సు వచ్చేసింది, రా!” అంటూ పిల్ల మెట్లవైపు ఉరకబోయింది. తల్లి గబుక్కున లేచి దాని చెయ్యి పట్టుకుంది.

“పోతే పోనీవే. ఆగు తల్లీ, ఆగు.”